బుధు కోసిన రేకులు

గాలి వీస్తున్నంతసేపూ సరళ రేకు ముట్టుకోదు. మా ఆరోగ్య ఉపకేంద్రం వెనక వంటపాకకు కప్పు వేయడానికి ఆమెను పిలిపించినప్పుడు నేను మొదట గమనించింది అదే. పొద్దున్నే వచ్చింది. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు బూట్లు, మెడలో తాడుకు వేలాడుతున్న కళ్లద్దాలు, నడుముకు దోపుకున్న తోలు గ్లవ్స్. అప్పుడే కొండమీంచి గాలి దిగడం మొదలైంది. ఆమె రేకుల దొంతర పక్కన చతికిలబడి, కొండవైపు చెవి పెట్టి కూర్చుంది. టీ ఇస్తే తాగింది. పని ఎప్పుడు మొదలెడతావని నేను అడగలేదు. అడగకపోవడమే మంచిదని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

ఆ వారం గాలి ఎక్కువగానే ఉంది. అది పడిపోయేదాకా కూర్చున్న గంటల్లో, అడిగినదానికి కొంత, అడగనిదానికి కొంత, ఆమె చెప్పుకొచ్చిన సంగతి ఇది. నేను నర్సుని. ఈ కొండల్లో చాలా దెబ్బలకు కట్లు కట్టాను. కానీ ఇలాంటి దెబ్బ సంగతి వినలేదు.

సరళది పనసగుడ. అరకు నుంచి జీపులో వెళ్లి, జీపు ఆగిపోయే చోట దిగి, కొండెక్కితే వస్తుంది. భర్త పేరు బుధు. కొంచెం కాఫీ తోట, ఓకు చెట్లకు పాకించిన మిరియాల తీగలు, పల్లంలో కాస్త చోడి చేను. అవి కాక బుధుకు చేతిపని కూడా ఉండేది. తుఫానుకు ఊళ్లో గడ్డి కప్పులన్నీ లేచిపోయి, వాటి స్థానంలో నీలం రంగు రేకులు వచ్చిన రోజుల్లో, బుధు విశాఖపట్నంలో షెడ్లు వేసేవాళ్ల దగ్గర కొన్నాళ్లు పనిచేసి గ్రైండర్ కొనుక్కుని తిరిగొచ్చాడు. పనసగుడలో ప్రతి ఇంటికీ రేకులు కోసింది ఆయనే. సరళ రెండో కొన పట్టుకునేది. నిప్పురవ్వలు పొడుగ్గా జల్లులా ఎగిరేవి. చూడ్డానికి ఊరంతా వచ్చేది.

వచ్చిన రేకులు ఏ ఇంటికీ పూర్తిగా సరిపోలేదు. "ఎలాగోలా సర్దు బుధూ" అనేవారు అందరూ. కాదనడం ఆయనకు చేతకాదు. పొడుగు రేకును రెండుగా కోసి, కప్పుకు అటొకటి ఇటొకటి పరిచేవాడు. చూరు దగ్గర చివరి పట్టె దాకా రేకు కొస అందీ అందనట్టు ఉండేది. ఆ కొసలోనే స్క్రూ బిగించి దిగేవాడు. వాన కురిసింది, ఇంట్లోకి నీళ్లు రాలేదు. అందరూ మెచ్చుకున్నారు.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో, వాకిట్లో టార్పాలిన్ మీద మిరియాలు ఎండుతున్నాయి. మధ్యాహ్నం దాటాక ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. సరళ పొయ్యి దగ్గర ఉంది. బుధు టార్పాలిన్ మడవడానికి పరిగెత్తాడు. గాలి ఊరి పైనుంచి విరుచుకుపడింది. నాలుగైదు ఇళ్ల రేకులు ఒకేసారి లేచాయి. అందులో ఒకటి, గాల్లో తిరుగుతూ వచ్చి, వంగి ఉన్న బుధు మెడ మీద పడింది.

అంతవరకే చెప్పి ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

ఆ రేకును ఎవరో ఈడ్చుకెళ్లి ఊరి కింద పారే గెడ్డలోకి తోసేశారు. మిగతా ఇళ్లవాళ్లు ఎగిరిపోయిన తమ రేకులు వెతుక్కుని తెచ్చుకున్నారు. కొన్ని అడవిలో ఎక్కడ పడ్డాయో దొరకనే లేదు. అందుకే, బుధు మీద పడింది ఎవరి ఇంటిదో ఎవరూ తేల్చలేదు. తేల్చాలని ఎవరికీ లేదు. రేకు పోయిన ఇళ్లవాళ్లు సరళ ఎదురైతే తల దించుకుని పోయేవారు. అందరికంటే ఎక్కువగా తప్పుకు తిరిగింది బుధు చెల్లెలు రమణి. ఆమెనూ అదే ఊళ్లో ఇచ్చారు. అంతకుముందు రోజూ సాయంత్రం వదిన దగ్గర కూర్చుని వెళ్లే మనిషి, అన్న పోయాక గడప తొక్కడం మానేసింది.

వానలు మొదలయ్యాక గెడ్డలోంచి చప్పుడు రావడం మొదలైంది. గాలి వీచినప్పుడల్లా రేకు బండకు కొట్టుకుని డమ్మని ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. బుధు జీపు మీంచి రేకులు దించేటప్పుడు అలాగే ఉండేది. ఒక కొస ముందు నేలకు తగిలేది, తరవాత రెండోది. ఊరంతా వింటూనే ఉంది. నీళ్లకు వెళ్లే ఆడవాళ్లు ఆ దారి మార్చుకున్నారు.

ఇంట్లో ఇంకో చప్పుడు ఉండేది. పగలంతా ఎండకు కాగిన రేకులు పొద్దు వాలాక చల్లారుతూ టిక్కు టిక్కుమంటాయి. రేకుల ఇంట్లో ఉండేవాళ్లందరికీ అది తెలిసిందే. సరళకూ తెలుసు. అయినా ఆ చప్పుడు చూరు దగ్గర మొదలై, మెల్లగా పైకి నడిచి, కప్పు నడినెత్తిన కొప్పు దగ్గర ఆగేది. కప్పు మీద స్క్రూలు బిగించుకుంటూ వెళ్లే మనిషి అలాగే నడుస్తాడు, పట్టె మీద అడుగు చూసుకుంటూ. ఆ వేళకు ఆమె కూడు వండడం మానేసి, గోడకు ఆనుకుని, పైకి చూస్తూ కూర్చునేది.

ఊళ్లో పూజలు చేసే దిసారి గాసి అనే ముసలాయన. ఆయన దగ్గరికి వెళ్లి చెప్పింది. చచ్చినవాళ్ల ప్రాణాన్ని వాళ్లు డుమ అంటారు. సరిగా సాగనంపితే డుమ పెద్దల్లో కలిసిపోతుంది.

"ఆడు ఎల్లలేదమ్మా," అన్నాడు గాసి. "ఆ రేకుని పట్టుకుని ఉండిపోయేడు."

"ఎల్లాలంటే ఏటి సెయ్యాల తాతా?"

"కోడి అడిగితే కోడి ఇత్తాం. మేక అడిగితే మేక ఇత్తాం. ఈడేటి అడగతన్నాడో నాకు తెలవలేదు."

తెలియదని దిసారి అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించింది. ఆ రేకు అక్కడ ఉన్నంతకాలం తనకు మనశ్శాంతి లేదు. దాన్ని పైకి తెచ్చి, ముక్కలు చేసి, పాతిపెట్టేయాలి. ఎవరినైనా అడిగితే చెయ్యరు. తనే చెయ్యాలి. గ్రైండర్ ఇంట్లో గోడకు వేలాడుతోంది. కానీ దాని అరుపు ఆ ఇంట్లో మళ్లీ వినే ధైర్యం లేదు.

సంత రోజున అరకు వెళ్లి, రేకుల దుకాణంలో రేకు కత్తెర ఇమ్మంది. అక్కడ కోతపని చూసేవాడు మల్లేశు. భీమిలి నుంచి వచ్చి స్థిరపడినవాడు, నడివయసు మనిషి, అరచేతికి అడ్డంగా పాత కుట్ల మచ్చ ఉంది.

"కత్తెర నీకేటికమ్మీ?"

"ఒక రేకుంది. ముక్కలు సెయ్యాల."

"గ్రైండరు లేదా మీకాడ?"

"ఉంది. దాని సప్పుడు ఇనలేను."

పనసగుడ సంగతి మల్లేశు విన్నాడేమో. లోపలినుంచి పనికిరాని రేకుముక్క తెచ్చి, రెండు కర్రల మీద పరిచాడు.

"సప్పుడు సంగతి వదిలెయ్. గ్రైండరు రేకుని కొయ్యదు, కాలుత్తాది," అన్నాడు. "రంగు కాలిపోద్ది, రంగు కిందున్న పూత కూడా కాలిపోద్ది. ఎగిరిన రవ్వలు పడ్డ సోటల్లా సుక్కలు సుక్కలుగా తుప్పొత్తాది. ఆ కాలిన అంచు మీద నాలుగు వానలు పడనీ, బెల్లం ముక్కలాగ రాలిపోద్ది. అక్కడ స్క్రూ ఏటి పట్టుకుంటాది?"

సరళ చెయ్యి కత్తెర మీదే ఆగిపోయింది. మల్లేశు అది గమనించక చెప్పుకుంటూ పోయాడు. గీత గీయడానికి పెన్సిలు వద్దన్నాడు, ఆ గీత వెంబడి కూడా తుప్పు పడుతుందట, స్కెచ్ పెన్ను వాడమన్నాడు. గీతకు రెండు పక్కలా కింద కర్ర ఉండాలి, లేకపోతే తెగే ముక్క వేలాడి కోత వంకర పోతుంది, ఊడి కాలి మీద పడుతుంది. కత్తెర నోరు పూర్తిగా మూయకుండా కొయ్యాలి, మూస్తే ప్రతి కొరుకుకీ చిన్న ముల్లు లేస్తుంది, ఆ ముల్లే చేతిని చీరేస్తుంది. రేకు మెట్టలా ఉబ్బిన చోట తొందరపడకుండా దాన్ని ఎక్కి దిగాలి. పని అయ్యాక రాలిన రజను ఒక్కటి కూడా మిగలకుండా ఎత్తెయ్యాలి. చివరికి తోలు గ్లవ్స్ ఆమె చేతుల్లో పెట్టి, ఒక్క మాట గట్టిగా చెప్పాడు.

"గాలున్నప్పుడు రేకుని లేపకు. మా భీమిలిలో పడవ తెరసాప గాలికి ఎలా లాగుతాదో, రేకూ అలాగే లాగుతాది. నువ్వు దాన్ని పట్టుకున్నాననుకుంటావు, అది నిన్ను పట్టుకుంటాది."

గాలి లేని ఒక పొద్దున సరళ గెడ్డలోకి దిగింది. మంచు ఇంకా విడలేదు. రేకు కంపల మధ్య ఒరిగి ఉంది. రక్తం ఉంటుందేమోనని భయపడింది. వానలు ఎప్పుడో కడిగేశాయి. నీలం రంగు మీద నాచు మరకలు మాత్రం ఉన్నాయి. గ్లవ్స్ వేసుకుని ఒక కొస పట్టుకుని లాగింది. రాలేదు. రెండో కొస కంపలో ఇరుక్కుంది. ఇంకోసారి లాగింది. అలవాటు కొద్దీ, ఆలోచించకుండా, నోట్లోంచి మాట వచ్చేసింది.

"కొంచెం ఎత్తు."

రేకు తేలికైంది. అటువైపు ఎవరో ఎత్తి పట్టుకున్నట్టు, బండల మీద గీసుకోకుండా, చప్పుడు లేకుండా ఆమె వెనకే వచ్చింది. గట్టు ఎక్కేదాకా అలాగే వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూడలేదని నేనడిగాను.

"సూత్తే వదిలేత్తాడు గదా సిస్టరమ్మా," అంది.

వాకిట్లో కర్రల మీద పరిచి, నాచు తుడిచి, కోసిన అంచు చూసింది. మల్లేశు చెప్పింది చెప్పినట్టే ఉంది. అంచు పొడుగునా ఎర్రటి తుప్పు. వేలితో నొక్కితే పెళ్లలుగా రాలింది. స్క్రూ రంధ్రాలు అంచుకు గోరంత దూరంలో ఉన్నాయి, ఒక్కొక్కటీ బయటికి చిరిగి ఉంది. గాలి కాదు, వాన కాదు, ఇంటివాళ్ల అజాగ్రత్తా కాదు, తప్పు కోతలోనే ఉంది. ఆ కోత బుధుది.

అప్పుడు ఇంకొకటి కనిపించింది. రేకు ఒక మూలన అర్ధచంద్రంలా గంటు ఉంది. కరెంటు తీగ వచ్చే ఇనుప గొట్టం కప్పును దాటి పైకి వెళ్లడానికి కోసిన గంటు. పనసగుడలో అలాంటి గొట్టం కప్పులోంచి వెళ్లేది ఒక్క ఇంటికే. ఆ గంటు కోసేటప్పుడు రవ్వ ఎగిరి సరళ మణికట్టు కాలింది. ఆ రోజు రమణి నవ్వుతూ పసుపు తెచ్చి రాసింది.

ఊరు అప్పుడప్పుడే లేస్తోంది. ఎక్కడో కోళ్లు వదులుతున్నారు. సరళ స్కెచ్ పెన్ను తీసి ఆ మూల చుట్టూ గీత గీసింది. మొట్టమొదటి కోత అక్కడే కోసింది. కత్తెర గీత దాటిపోయింది. కోసిన ఆ ముక్కను మళ్లీ కోసింది, దాన్ని ఇంకా చిన్నగా కోసింది. అది ఏ ఇంటిదో ఇక ఎవరూ చెప్పలేరు అనిపించేదాకా కోసింది. తరవాత మిగతా రేకు మొదలుపెట్టింది.

ఎండెక్కేసరికి జనం పోగయ్యారు. ఎవరూ దగ్గరికి రాలేదు. గాసి వచ్చి, చేతికర్ర మీద వంగి, ఆమె కోస్తున్నంతసేపూ చూశాడు. పాత రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతంతో ఆమె రజను ఎత్తుతుంటే, గుప్పెడు బియ్యం తెచ్చి ముక్కల మీద జల్లాడు. అన్నీ కలిపి కాఫీ తోట అవతల లోతుగా పాతిపెట్టారు.

ఆ సాయంత్రం, బుధు పోయాక మొదటిసారి, రమణి వచ్చింది. గడప అవతలే నిలబడింది.

"ఎవలిదో తెలిసిందా వదినా?"

"అన్నీ నీలం రేకులే. ఏటి తెలుత్తాది."

రమణి తల ఊపి వెళ్లిపోయింది.

గెడ్డలో చప్పుడు ఆగింది. కానీ కప్పు మీద నడక ఆగలేదు. మరునాడు పొద్దు వాలే వేళ సరళ ఊరి పైగట్టు మీద కూర్చుంది. కింద ఇళ్లన్నీ చల్లారుతున్నాయి. ఈ కప్పు మీద టిక్కుమంది, కాసేపటికి ఆ కప్పు మీద, తరవాత చివరి ఇంటి మీద. ఒకే మనిషి ఇల్లిల్లూ తిరుగుతున్నట్టు వినిపించింది. ప్రతి చూరు అంచునా ఎర్రటి తుప్పు గీత ఉంది. ఆ కోతలన్నీ ఒకే చేతివి. అన్నిటికీ రెండో కొన పట్టుకున్నది తను. ఆ కప్పుల కింద పిల్లలు పడుకుంటున్నారు.

కప్పులన్నీ విప్పి మళ్లీ వేయాలని ఊరి పెద్దలకు చెప్పింది. భీముడనే ఆయన కోప్పడ్డాడు.

"సచ్చినోడి మీద తప్పు పెడతన్నావా? నీ మొగుడు గదా."

"నా మొగుడే. అందుకే నేను సెప్తన్నాను. మీ కప్పెక్కి సూడు మావా. స్క్రూని వేలితో కదుపు."

భీముడు నిచ్చెన వేసి ఎక్కాడు. దిగి వచ్చి, చేతికంటిన తుప్పు పంచెకు తుడుచుకున్నాడు. మర్నాడు ఆయన ఇంటి పనే మొదలైంది.

ఒక్కో ఇంటికీ రోజులు పట్టాయి. కాలిన అంచును కత్తెరతో శుభ్రంగా కోసేసేది. కోసిన చోట రంగు పూసేది. పొట్టిదైన రేకు కింద ఇంకో ముక్క దూర్చి, మీది రేకు దాని మీద మూరెడు పడేట్టు పరిచేది. లోపలికి కొత్త పట్టె వేయించి, గట్టి ఇనుము ఉన్న చోట స్క్రూ దింపేది. మట్టి గోడల ఇళ్లు ఒక్కటీ సరైన మూలమట్టంలో లేవు. మూల నుంచి మూలకు ఇటూ అటూ కొలిచి, రెండూ తేడా వస్తే, ఆ తేడాను బట్టే రేకును ఏటవాలుగా గీసేది. ఒక కోత తప్పితే ఆ ముక్క పక్కన పడేసి ఇంకోటి తీసేది. ఎవరైనా "సర్దు" అంటే కత్తెర కింద పెట్టేసేది. రమణి ఇంటి కప్పు మీద పని చేసినప్పుడు రమణి భర్త సాయం పట్టాడు. రమణి పొలం పని అని చెప్పి ఇంట్లో లేకుండా పోయింది.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆకాశం అదే రంగుకు తిరిగింది. సరళ ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని, చెవులు మూసుకోకుండా, గాలి ఊరి పైనుంచి దిగడం వింది. రేకులు అన్నీ ఒక్కసారి గుంజుకుని బరువుగా మూలిగాయి. తలుపు తోసుకుని రమణి వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది, ఒళ్లంతా మట్టి. వచ్చి వదిన పక్కన గోడకు ఒదిగి కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కప్పు వైపు చూస్తూ ఉండిపోయారు. స్క్రూలు ఒక్కొక్కటీ పట్టు నిలుపుకోవడం పైనుంచి వినిపించింది. వాన మొదలయ్యాక రమణి నోరు విప్పింది.

"నాకు తెలుసు వదినా. అది మా ఇంటిదే."

సరళ ఆమె చెయ్యి వదల్లేదు.

"గుమ్మంలో నిలబడి సూసేను. మా కప్పు మీంచి లేసింది. గిరగిరా తిరిగి కిందకి దిగింది. అన్నా అని అరిసేను. గాలికి ఇనబడలేదు. నువ్వు ఆ మూల కోత్తంటే కూడా సూసేను, జనం ఎనకాల నిలబడి. నా కోసమే కోత్తన్నావని తెలిసింది. నువ్వు అబద్దం సెప్పినావని తెలిసే, మరి నీ ఇంటికి రాలేకపోయేను."

"ఎవలికైనా సెప్పేవా?"

"మా ఇంటాయనకి కూడా సెప్పలేదు."

"మీ అన్న కోసింది అది," అంది సరళ. "నేను పట్టుకున్నాను. కప్పు మీ ఇంటిదయితే ఏటి."

రమణి ఏడ్చింది. సరళ కూడా ఏడ్చిందో లేదో నాకు చెప్పలేదు. వాన వెలిసాక ఇద్దరూ బయటికొచ్చి ఊరంతా తిరిగారు. ఏ ఇంటి రేకూ లేవలేదు. భీముడి కోళ్లగూటి మీద బుట్ట ఒకటి కొట్టుకుపోయింది, అంతే.

ఆ తరవాత పక్క ఊళ్లవాళ్లు ఆమెను పిలవడం మొదలుపెట్టారు. అలాగే మా దగ్గరికీ వచ్చింది. పని చాలా నాణ్యంగా చేస్తుంది. గాలి విషయంలో మాత్రం ఎవరెంత తొందరపెట్టినా వినదు.

ఆమె చివరి రోజు చెప్పిన సంగతి నాకు వింతగా తోచింది. మొన్న శీతాకాలంలో తన ఇంటి రేకులు ఊడదీసి, అవసరమున్నవాళ్లకు ఇచ్చేసిందట. కొండ పైనుంచి గడ్డి కోసుకొచ్చి, ఎండబెట్టి, రమణి సాయంతో మందంగా, పొద్దు వాలాక చప్పుడు చెయ్యని గడ్డి కప్పు వేసుకుందట. ఇప్పుడు గడ్డి దొరకడం కష్టం. ఏటేటా మార్చుకోవాలి. ఎలకలు చేరతాయి, నిప్పు భయం ఉంటుంది. అన్నీ తెలిసే చేసింది.

"ఊరందరికీ రేకులేసి, నీ ఇంటికి గడ్డి వేసుకుంటే జనం ఏమనుకుంటారు?" అన్నాను.

"ఏటనుకున్నా పర్లేదు సిస్టరమ్మా," అంది ఆమె, గ్లవ్స్ మట్టి దులుపుతూ. "ఆల ఇళ్లకి ఆలకి కావలసింది ఏత్తాను. నా ఇంటికి, నేను పడుకోగలిగింది ఏసుకున్నాను."